పీపా ముందుగా పలికినప్పుడు: లేత వయసు షెర్రీ సింగిల్ మాల్ట్‌ను రుచి చూడడం

పోయిన సంక్రాంతికి మా బావ విదేశం నుంచి చెన్నైలో దిగి, అక్కడి నుంచి దాదాపు 175 కిలోమీటర్లు కారులో వచ్చి నెల్లూరులోని మా ఇంటికి చేరినప్పుడు ఒక సీసా వెంట తెచ్చాడు. అది స్కాట్లాండులోని స్పేసైడ్ ప్రాంతపు సింగిల్ మాల్ట్ విస్కీ. వయసు 5 ఏళ్లనీ, ఫస్ట్ ఫిల్ ఓలొరోసో షెర్రీ (ఒక రకం స్పెయిన్ వైన్) పీపాలో పక్వమైందనీ, ఆల్కహాలు 58 శాతమనీ, రంగు ఏమీ కలపలేదనీ లేబుల్ మీద ఉంది. ఆ సాయంత్రం మేము నలుగురం తలా 15 మిల్లీలీటర్లు పోసుకుని గంటన్నర కూర్చున్నాము. సీసాలోని ద్రవం డికాషన్ అంత చిక్కని రంగులో ఉండటం చూసి మా బావ, ఇది 20 ఏళ్ల సరుకుకు ఏమాత్రం తీసిపోదన్నాడు. కందుకూరు దగ్గర పొగాకు పండించే మా మిత్రుడు గ్లాసును చాలాసేపు వాసన చూసి, లోపల ఇంకా పచ్చివాసన పోలేదన్నాడు. ఇద్దరూ ఒకే సీసాలోని ద్రవం గురించే మాట్లాడుతున్నారు, ఇద్దరి మాటా నిజమే.

ఈ రెండు నిజాలు ఒకే గ్లాసులో ఎలా కుదురుతాయో తెలిస్తే లేత వయసు షెర్రీ పీపా విస్కీని రుచి చూడడం తెలిసినట్టే. చాలామంది రంగును చూసి వయసును, తీపిని చూసి నాణ్యతను, వయసు అంకెను చూసి ధరను అంచనా కడతారు. ఈ మూడు అంచనాలూ ఈ తరహా విస్కీ దగ్గర తప్పుతాయి. ధాన్యం నుంచి వచ్చింది ఏది, కర్ర నుంచి వచ్చింది ఏది, వైన్ నుంచి వచ్చింది ఏది, కాలం చేసింది ఎంత అనే నాలుగు ప్రశ్నలను విడదీసి, ఆ తరువాత అవి ఒకదానితో ఒకటి ఎంతవరకు కలిశాయో చూడాలి. నా దృష్టిలో ఈ విస్కీకి అసలు పరీక్ష ఆ కలయికే.

ముందుగా మాల్ట్ అనే మాట. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిండి పట్టించడం మన ఇళ్లలో తెలిసిన పనే. బార్లీ గింజకు అదే పని చేస్తే బార్లీ మాల్ట్ వస్తుంది. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి, ఆ తీపి నీటిని ఈస్టుతో పులియబెట్టి, రాగి పాత్రల్లో సాధారణంగా రెండుసార్లు బట్టీ పెడితే దాదాపు 70 శాతం ఆల్కహాలు గల తెల్లని ద్రవం దిగుతుంది. ఒకే డిస్టిలరీలో, మాల్ట్ చేసిన బార్లీతో మాత్రమే తయారైతే అది సింగిల్ మాల్ట్. స్కాచ్ అనిపించుకోవాలంటే 2009 నాటి బ్రిటిష్ నిబంధనల ప్రకారం 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో, స్కాట్లాండులోనే, కనీసం 3 ఏళ్లు ఉండాలి, సీసాలో ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. లేబుల్ మీద వయసు వేస్తే అది అందులో కలిసిన అన్ని పీపాలలో అతి చిన్నదాని వయసు. మన దుకాణాల్లో విస్కీ పేరుతో చవకగా దొరికే సరుకులో ఎక్కువ భాగానికి మూలం చక్కెర మిల్లుల మడ్డి నుంచి తీసిన స్పిరిట్. దానికి అలవాటుపడిన నాలుకకు మాల్ట్ రుచి మొదట వింతగా తోచడం సహజం.

ఆల్కహాలు అంకెల్లోనూ ఒక చిక్కు ఉంది. మన సీసాల మీద తరచుగా కనిపించే 42.8 శాతం అనే అంకె పాత బ్రిటిష్ ప్రూఫ్ కొలమానం నుంచి మిగిలినది. ఆ లెక్కలో 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం, 75 ప్రూఫ్ అంటే సుమారు 42.8. షెర్రీ పీపాలకు పేరుపొందిన గ్లెన్‌ఫార్‌క్లాస్ వారి ‘105’ అనే విస్కీ పేరు కూడా ఈ కొలమానం నుంచే వచ్చింది, అది 60 శాతం. లేత వయసు షెర్రీ విస్కీలు 55 నుంచి 60 శాతం మధ్య సీసాకెక్కడం సాధారణం కనుక, మన చేతికి అలవాటైన పెగ్గు కొలతతో వాటిని కొలవకూడదు.

ఇక షెర్రీ. మన ఊళ్లలో వైన్ షాపు అంటే అన్ని రకాల మద్యం అమ్మే దుకాణం కనుక, వైన్ అనే మాటకున్న అసలు అర్థం మనకు కొంత చెదిరిపోయింది. షెర్రీ అసలైన వైన్, అంటే ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసినది, కాకపోతే దానిలో ద్రాక్ష స్పిరిట్ కలిపి బలం పెంచుతారు. స్పెయిన్ దక్షిణ భాగంలోని హెరెజ్ పట్టణం, దాని చుట్టుపక్కల తీరప్రాంతం దీని పుట్టిల్లు. 15 శాతం దగ్గర ఆపితే పైన ఈస్టు తెరలా కట్టి, గాలి తగలనివ్వకుండా కాపాడి, ఫీనో అనే లేతరంగు షెర్రీ తయారవుతుంది. 17 శాతానికి పైగా పెంచితే ఆ తెర బతకదు, వైన్ గాలికి మెల్లగా ఆక్సీకరణ చెంది ముదురు రంగు ఓలొరోసో అవుతుంది. పెద్రో హిమేనెజ్ అనే ద్రాక్షను మామిడి తాండ్రలాగా ఎండలో ఆరబెట్టి, ముడతలు పడ్డాక పిండితే వచ్చేది పాకం లాంటి నల్లని తీపి వైన్. ఫీనో లాగే ఓలొరోసో కూడా సహజంగా తీపి లేని వైన్ అన్న సంగతిని గుర్తుంచుకోవాలి. దాని అవసరం కాసేపట్లో వస్తుంది.

షెర్రీ పీపా అనగానే స్పెయిన్ నేలమాళిగల్లో తరతరాలుగా షెర్రీ నిండి ఉన్న నల్లని పీపా ఒకటి మన మనసులో మెదులుతుంది. వాస్తవం వేరు. హెరెజ్‌లో షెర్రీని పక్వం చేసే సొలేరా పీపాలు చాలా పాతవి. అక్కడివారికి కర్ర వాసన వైన్‌లోకి దిగకూడదు కనుక, రసం అంతా పోయిన పాత కర్రనే వారు కోరుకుంటారు, వాటిని అంత సులభంగా అమ్మరు. ఒకప్పుడు స్కాట్లాండుకు చేరినవి రవాణా పీపాలు. షెర్రీని సీసాల్లో కాకుండా పీపాల్లోనే ఓడల మీద బ్రిటన్ రేవులకు పంపేవారు, అక్కడి వర్తకులు సీసాల్లో నింపుకొన్నాక ఖాళీ పీపాలు చవకగా డిస్టిలరీలకు దొరికేవి. 1980లలో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాకెక్కించడం నియమమయ్యాక ఆ దారి మూసుకుపోయింది. అప్పటి నుంచి విస్కీ కంపెనీలు కొత్త పీపాలను చేయించి, వాటిలో ప్రత్యేకించి షెర్రీని నింపించి, ఏడాదో రెండేళ్లో ఉంచి, ఖాళీ చేసి తెప్పించుకుంటున్నాయి. హెరెజ్ నియంత్రణ మండలి ధ్రువీకరణ పొందాలంటే ఆ వైన్ కనీసం ఒక ఏడాది పీపాలో ఉండాలి. అంటే నేటి షెర్రీ పీపా విస్కీ కోసమే పుట్టినది, షెర్రీ దానికి ఒక సంస్కారం మాత్రమే. మట్టికుండను కొత్తగా కొన్నప్పుడు గంజి పోసి వాడుకలోకి తెచ్చినట్టు, కొత్త కర్ర కరుకుదనాన్ని వైన్ కొంత లాగేసి, తన వాసనను కొంత వదిలి వెళ్తుంది.

ఇది తెలిశాక తరువాతి ప్రశ్న తప్పదు. ఓలొరోసోలో తీపి లేకపోతే, దానితో తడిసిన పీపాలోని విస్కీకి ఎండుద్రాక్ష, ఖర్జూరం, అంజూర వాసనలు ఎక్కడివి? పీపా కర్ర పొరల్లో ఇంకి మిగిలిన వైన్ పాత్ర కొంత ఉంది, కాదనలేము. కానీ ఆ వాసనల్లో చాలా భాగం ఓక్ కర్రది. స్పెయిన్ ఉత్తర భాగపు అడవుల నుంచి వచ్చే యూరోపియన్ ఓక్‌లో వగరునిచ్చే టానిన్లు ఎక్కువ. దాన్ని నిప్పు మీద కాచి వంచినప్పుడు కర్రలోని చక్కెరలు పాకమై, మసాలా, ఎండుపండ్ల వాసనలకు దారి తీస్తాయి. లవంగానికి ఆ ఘాటును ఇచ్చే యూజినాల్ అనే పదార్థమే ఓక్‌లోనూ ఉంటుంది కనుక, షెర్రీ విస్కీలో లవంగం తోచిందంటే అది ఊహ కాదు, మన పోపుల పెట్టెలోని వస్తువే గ్లాసులోనూ ఉన్నట్టు. అమెరికన్ ఓక్ స్వభావం మరొకటి, అది వెనిల్లాను, పచ్చికొబ్బరిని గుర్తు చేస్తుంది. షెర్రీతో సంస్కరించిన పీపాల్లో ఈ రెండు కర్రలూ వాడుకలో ఉన్నాయి, కానీ లేబుల్ మీద అందరూ కర్ర పేరు రాయరు. కాబట్టి ఒకే ఓలొరోసో అన్న మాట కింద రెండు సీసాలు అన్నదమ్ముల్లా కాకుండా దూరపు చుట్టాల్లా ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఫస్ట్ ఫిల్ అంటే షెర్రీ తరువాత ఆ పీపాలోకి దిగిన మొదటి విస్కీ. రెండోసారి, మూడోసారి వాడితే రీఫిల్. మన ఇళ్లలో ఒకే టీపొడిని రెండోసారి మరిగిస్తే ఏమవుతుందో అదే ఇక్కడా జరుగుతుంది, పీపా గొంతు తగ్గుతుంది. సాధారణ షెర్రీ పీపా సుమారు 500 లీటర్లది, బర్బన్ అనే అమెరికన్ విస్కీ పీపా సుమారు 200 లీటర్లది. పీపా చిన్నదైన కొద్దీ ఒక్కో లీటరుకు తగిలే కర్ర ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పీపాలో జరిగే పనులు మూడు, వాటి వేగాలు మూడు. మొదటిది ఇవ్వడం: రంగు, టానిన్లు, మసాలా వాసనలు, వైన్ శేషం కర్ర నుంచి ద్రవంలోకి దిగడం. ఇది చాలా వేగంగా జరుగుతుంది, మంచి ఫస్ట్ ఫిల్ పీపా అయితే మొదటి కొన్ని ఏళ్లలోనే తన దగ్గరున్నదానిలో పెద్ద భాగాన్ని ఇచ్చేస్తుంది. రెండవది తీసుకోవడం: బట్టీ నుంచి దిగిన ద్రవంలో ఉండే పచ్చి, గంధక వాసనలను ఆవిరిగా వదిలించడం, కర్ర లోపలి పొరతో పీల్చుకోవడం. మూడవది కలపడం: కర్ర రంధ్రాల గుండా వచ్చే గాలితో ఆల్కహాలు, ఆమ్లాలు, టానిన్లు కొద్దికొద్దిగా మారి, కొత్త పళ్లవాసనలు పుట్టి, ధాన్యమూ కర్రా ఒకే మాటగా వినిపించే స్థితికి చేరడం. ఈ మూడవ పనికి తొందర లేదు, దాన్ని తొందరపెట్టడమూ కష్టం. అందుకే 5 ఏళ్ల షెర్రీ విస్కీకి రంగు 20 ఏళ్లది, కలయిక 5 ఏళ్లది. మా బావ ఇచ్చిపుచ్చుకోవడంలో మొదటి సగాన్ని చూశాడు, కందుకూరు మిత్రుడు మిగిలిపోయిన రెండో సగాన్ని, మొదలైనా పూర్తికాని మూడో పనిని పట్టుకున్నాడు.

నెల్లూరు చేపల పులుసు తిన్నవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. కొరమేను ముక్కలు, మామిడికాయ వేసి రాత్రి దించిన పులుసు ఆ పూటకు బాగానే ఉంటుంది, కాని పులుసు పులుసుగానే, చేప చేపగానే తెలుస్తాయి. తెల్లవారి అదే గిన్నె తీస్తే పులుపు, కారం, ఉప్పు ముక్క లోపలికి దిగి, ముక్క రుచి పులుసులోకి వచ్చి, రెండింటి మధ్య గీత చెరిగిపోతుంది. చింతపండు ఎక్కువ పోసినంత మాత్రాన ఆ గీత చెరగదు. పీపా ఎంత బలమైనదైనా అంతే.

తీసుకునే పని విషయంలో షెర్రీ పీపాకు ఒక ప్రత్యేక బలహీనత ఉంది, లేత విస్కీలో అది బయటపడుతుంది. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌ను లోపల బొగ్గయ్యేదాకా కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే ఉంచాలి. ఆ బొగ్గుపొర నీళ్ల ఫిల్టరులా పనిచేసి గంధక వాసనలను పీలుస్తుంది. షెర్రీ పీపాలను సాధారణంగా అంతగా కాల్చరు, కాచి వదులుతారు. అందువల్ల బట్టీ నుంచి వచ్చిన ఉడికించిన క్యాబేజీ లాంటి వాసన, మాంసపు పులుసు లాంటి వాసన, షెర్రీ పీపాలో ఎక్కువ కాలం నిలుస్తాయి. ఇంకొక గంధకం పీపా తరఫున వస్తుంది. ఖాళీ పీపాలు దారిలో బూజు పట్టకుండా, పులిసిపోకుండా ఉండేందుకు లోపల గంధకపు వత్తి వెలిగించడం పాత అలవాటు, దాని జాడ మిగిలితే అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసనో, దీపావళి మరునాటి వీధి వాసనో గ్లాసులో తగులుతుంది. క్యాబేజీ వాసన వయసు లోపం, మరికొన్నేళ్లు ఉంచితే చాలావరకు పోయేది. అగ్గిపుల్ల వాసన పీపా లోపం, వయసుతో అంత తేలిగ్గా పోదు. దీన్ని పసిగట్టే శక్తి అందరికీ ఒకేలా ఉండదు, కొందరికి అది ఇష్టం కూడా. ఎవరికి ఇష్టమైనా కాకపోయినా, ఈ రెండు గంధకాలను విడిగా గుర్తించగలిగినవారు తమ గ్లాసు గురించి సగం తీర్పు సరిగా చెప్పగలరని నా నమ్మకం.

వయసు అంకె గురించి మన దేశపువారు మరొక విషయం ఆలోచించాలి. స్కాట్లాండులో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. బెంగళూరులో అమృత్ సంస్థ అనుభవంలో అది 10 శాతానికి పైనే. లెక్క వేసి చూడండి: 500 లీటర్ల పీపా 5 ఏళ్లకు అక్కడ దాదాపు 452 లీటర్లు మిగిలితే, ఏటా 10 శాతం చొప్పున పోయే చోట 295 లీటర్లే మిగులుతుంది. 1948లో స్థాపితమైన అమృత్ 2004లో తన సింగిల్ మాల్ట్‌ను స్కాచ్ గడ్డ మీదే, గ్లాస్గోలో, విడుదల చేసింది. ఆ తరువాత గోవా నుంచి పాల్ జాన్, హర్యానా నుంచి ఇంద్రి వచ్చాయి. ఇంద్రి వారి ‘త్రిని’లో పెద్రో హిమేనెజ్ షెర్రీ పీపాల పాత్ర కూడా ఉంది. వీటిని చూసి, మన ఎండలో ఒక ఏడాది స్కాట్లాండులో మూడేళ్లకో నాలుగేళ్లకో సమానమని చెప్పేవారు ఉన్నారు. ఆ సూత్రాన్ని నేను ఒప్పుకోను. వేడి, ఇచ్చే పనిని బాగా వేగం చేస్తుంది, ఆవిరయ్యే పనినీ వేగం చేస్తుంది, కలిపే పనిని మాత్రం అదే నిష్పత్తిలో వేగం చేస్తుందని చెప్పలేము. కాబట్టి మన మాల్ట్‌ను స్కాచ్ వయసులోకి తర్జుమా చేయకుండా, దాన్ని దాని ఎండలోనే చూడాలి. రోహిణి కార్తె మామిడికీ శీతాకాలపు యాపిల్‌కూ వయసు పోల్చరు కదా.

రుచి చూసే పద్ధతిలోనూ మన ఎండ అడ్డొస్తుంది. పుస్తకాల్లో గది ఉష్ణోగ్రత అని రాసినప్పుడు వారి మనసులో ఉన్నది సుమారు 20 డిగ్రీల గది. నెల్లూరులో మే నెల సాయంత్రం 35 డిగ్రీల్లో 58 శాతం విస్కీ పోస్తే ఆల్కహాలు ఆవిరి తప్ప ముక్కుకు మరేదీ చేరదు, ఆ పొద్దు దాన్ని తిట్టి పక్కన పెట్టడం అన్యాయం. గ్లాసును ముందుగా కొద్దిసేపు ఫ్రిజ్‌లో ఉంచి, విస్కీని చల్లని గదిలో పోసుకుంటే చాలు. ఐసు మాత్రం వేయకూడదు, చలికి వాసనలు ముడుచుకుంటాయి, టానిన్ వగరు పెరుగుతుంది. నోరు సన్నగా, పొట్ట వెడల్పుగా ఉన్న చిన్న గ్లాసు మంచిది, దొరకకపోతే చిన్న గాజు గ్లాసు మీద సాసరు మూతపెట్టి పది నిమిషాలు ఉంచి తీసినా సరిపోతుంది.

మొదటి వాసన నీరు కలపకుండా చూడాలి. ముక్కును గ్లాసులో దూర్చకుండా, అంచుకు ఒక అంగుళం దూరంలో, నోరు కొద్దిగా తెరిచి మెల్లగా పీల్చాలి. మా సీసాలో ముందుగా పలికింది పీపా: ఎండు ఖర్జూరం, పాత చింతపండు, తాటిబెల్లం పాకం, నారింజ తొక్క. రెండు మూడు నిమిషాల తరువాత దాని కింద నుంచి పచ్చి జామకాయ, కోసిన బేరిపండు, నానబెట్టిన గింజల బస్తా వాసన బయటికొచ్చాయి. ఇవి బట్టీ పెట్టిన బార్లీవి, వయసు చిన్నదని చెప్పే గుర్తులు. చెడ్డ గుర్తులని నేను అనను. జామ, బేరి వాసనలు ఈస్టు పుట్టించిన ఎస్టర్లు అనే పదార్థాలవి. అవి బాగా చేసిన ద్రవంలోనే అంత శుభ్రంగా ఉంటాయి, పెద్ద వయసులో చాలావరకు అణగిపోతాయి కూడా. లేత విస్కీ మీద మనం చూపించాల్సిన మర్యాద ఇక్కడే ఉంది. ఉన్న పచ్చిదనం శుభ్రమైన పచ్చిదనమా, కుళ్లిన పచ్చిదనమా అని అడగాలి.

అప్పుడే కందుకూరు మిత్రుడు గ్లాసును వెలుతురుకు పట్టి, “ఇదేందన్నా, నిప్పు దించిన బ్యారన్ తలుపు తీసినట్టుంది,” అన్నాడు. కందుకూరు వైపు, అటు టంగుటూరు, కొండపి, ఇటు కలిగిరి దాకా పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల మధ్య పెరిగినవారికి ఆ వాసన పుట్టుకతో వచ్చినది. పచ్చాకును కర్రలకు కట్టి బ్యారన్‌లో వేలాడదీసి, కొన్ని రోజులపాటు వేడిని మెల్లగా పెంచుతూ పోతే ఆకు పసుపెక్కి, తీపి గడ్డి వాసన, ఎండుద్రాక్ష వాసన, తోలు వాసన కలిసిన ఒక మత్తైన వాసన వస్తుంది. అంతర్జాతీయ విస్కీ వర్ణనల్లో పొగాకు ఆకు అన్న మాట షెర్రీ పీపాలకు తరచుగా వాడతారు. చదివినప్పుడు చాలామంది దాన్ని సిగరెట్టు పొగగా పొరపడతారు. మా మిత్రుడికి ఏ పుస్తకమూ అక్కరలేకపోయింది. పైగా అతను ఒక సూక్ష్మం చెప్పాడు. తొందరగా వేడి పెంచిన బ్యారన్‌లో ఆకు పైకి రంగు తేరినా ఈనె పచ్చిగా మిగులుతుందని, వేలం కేంద్రంలో కొనుగోలుదారు బేలు విప్పి వాసన చూసి పసిగడతాడని అన్నాడు. మా గ్లాసులోని విస్కీకి అంతకంటే సరైన వర్ణన ఎవరూ ఇవ్వలేరని నాకనిపించింది. ఆకు రంగు తేరింది, ఈనె ఇంకా పచ్చిగా ఉంది.

ఇక నీరు. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ 2017లో కంప్యూటరు గణనలతో ఒక విషయం చూపారు. గ్వాయాకాల్ అనే వాసన పదార్థం, ఆల్కహాలు 59 శాతం దాటితే ద్రవం లోపలికి పోయి దాక్కుంటుంది, 45 శాతానికి దిగితే పై పొర దగ్గరకు, అంటే ముక్కుకు అందే చోటికి వస్తుంది. మన లెక్కకు దీన్ని తెచ్చుకుంటే, 15 మిల్లీలీటర్ల 58 శాతం విస్కీకి ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల నీరు కలిపితే 43.5 శాతం అవుతుంది. ఒకేసారి పోయకుండా చుక్కచుక్కగా పోసి మధ్యలో వాసన చూడడం మేలు. తీరప్రాంతపు బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది, క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీళ్లూ పనికిరావు. మా గ్లాసులో నీరు పడ్డాక ఎండుపండ్ల వాసన వెనక్కి తగ్గి లవంగం, జాజికాయ ముందుకొచ్చాయి, గింజల బస్తా వాసన మాత్రం మరింత స్పష్టమైంది. నీరు దాచిపెట్టదు. కలయిక పూర్తయిన విస్కీలో నీరు పడితే రుచులు విచ్చుకుంటాయి, పూర్తికానిదానిలో పొరలు విడిపోయి ఏది ఎక్కడిదో తెలిసిపోతుంది. లేత షెర్రీ విస్కీకి ఇంతకంటే నిజాయితీ గల పరీక్ష నాకు తెలియదు.

నోటిలోకి తీసుకున్నప్పుడు మన భాష మనకు గొప్ప సాయం చేస్తుంది. షడ్రుచులలో వగరుకు మనవారు పూర్తి స్థానం ఇచ్చారు, ఉగాది పచ్చడిలో మామిడి పిందె వగరును ఏటా నాలుకకు గుర్తు చేస్తున్నాము. ఓక్ టానిన్ అంటే ఆ వగరే. అది మొదట్లో కాకుండా మింగాక, చిగుళ్ల మీద, బుగ్గల లోపల తెలుస్తుంది. పచ్చి వక్క నమిలినట్టు నోరు ముడుచుకుపోతే కర్ర ఎక్కువైందని అర్థం. బలమైన టీ తాగినట్టు కొద్దిగా ఆరిపోయి, వెంటనే నోరూరితే సరైన మోతాదు. లేత వయసు షెర్రీ విస్కీలో తీపి మొదట, కారం మధ్యలో, వగరు చివర విడివిడిగా వరుస కడతాయి. వయసు పెరిగి కలిసినదానిలో ఈ వరుస చెరిగి, తీపి ఉండగానే వగరు, వగరు ఉండగానే పండు తెలుస్తాయి. మా సీసా వరుస కట్టింది. మధ్యలో మాత్రం ఒక క్షణం, రెండో గుటక తరువాత, ఖర్జూరమూ బార్లీ తీపీ ఒకదానిలో ఒకటి కరిగినట్టు తోచింది. మరో నాలుగేళ్లు ఆ పీపాలో ఉండి ఉంటే ఆ క్షణం మొత్తం గుటక అంతా పరుచుకునేదని నా అంచనా.

రంగు గురించి ఒక్క మాట. స్కాచ్‌లో ఈ150ఏ అనే కారమెల్ రంగు కలపడానికి చట్టం అనుమతిస్తుంది. రంగు కలపలేదని లేబుల్ మీద రాసి ఉంటే తప్ప, నలుపును చూసి మురిసిపోనక్కరలేదు.

తలా 15 మిల్లీలీటర్లతో ఆగడం మాకు కొరత కాలేదు. ఇది నెల్లూరు జిల్లా. 1992లో ఈ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు నిలబడితే ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారి తీసింది. 1997లో సడలింపు వచ్చినా ఆ తల్లులు చెప్పిన మాట ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు, మా ఇంట్లో అసలే మరిచిపోలేదు. మద్యం గురించి ఇంత సూక్ష్మంగా రాయడంలోని బరువు నాకు తెలుసు. నాలుగు గుటకల్ని గంటన్నరసేపు చదవడమూ, బతుకును తాగేయడమూ ఒకటి కావని నమ్మే రాస్తున్నాను. తాగని వారికి తాగమని చెప్పడానికి ఇందులో ఏమీ లేదు.

ఆ రాత్రి గ్లాసులు కడగకుండా బల్ల మీదే వదిలేశాము, కావాలనే. ఆల్కహాలు, తేలికపాటి పళ్లవాసనలు ముందుగా ఎగిరిపోయి, బరువైన పదార్థాలు గాజుకు పొరలా అంటుకుని మిగులుతాయి. ఖాళీ గ్లాసు వాసన పీపా గురించి చెప్పేంత స్పష్టంగా నిండు గ్లాసు చెప్పదు. తెల్లవారి కందుకూరు మిత్రుడు బయలుదేరే ముందు నాలుగు గ్లాసులనూ వరుసగా వాసన చూశాడు. నీరు కలిపినదానిలో తడి కర్ర వాసన, పల్చని బెల్లం వాసన. నీరు కలపని మూడింటిలో ఆరిన పొగాకు, జాజికాయ, అడుగున కొద్దిగా కాలిన చక్కెర. ఎక్కడా జామకాయ లేదు, బేరిపండు లేదు, గింజల బస్తా లేదు. పీపా ఉంది, పంట లేదు. మా బావ సీసా ఎత్తి వెలుతురుకు పట్టి, మిగిలినది ఎంతో చూసి, మూత బిగించి బీరువాలో లోపలికి పెట్టాడు.